శ్రీ అడివి బాపిరాజు గారు

మన పాఠశాల పై తరగతుల విద్యార్థినీ విద్యార్థుల చేతులలో ఈ మధ్య ఒక ఆంగ్ల నవల తరచుగా కనబడుచున్నది. అమెరికా రచయిత్రి రెబెక్కా రాస్ రచింపగా 2023వ సంవత్సరమున వెలువడిన ఆ గ్రంథమునకు 'డివైన్ రైవల్స్' అని పేరు. ఒక వార్తాపత్రిక కార్యాలయమున ఒక్క ఉద్యోగము కొరకు పోటీపడు యువతీ యువకులు, పొరుగున దేవతలు రేపిన యుద్ధము, మాయగల టైపు యంత్రముల మూలమున నడచు లేఖలు, పోటీ కరగి ప్రేమ యగుట, ఇదియే దానిలోని కథ. ఇట్టి పుస్తకములు బడిపిల్లలకు తగునా యని కొందరు తల్లిదండ్రులు మమ్మడిగిరి. అడిగినవారికి బదులు చెప్పుటకు ముందు పుస్తకమును చదువుట ధర్మము గనుక మేమును చదివితిమి. చదువుచున్నంతసేపును మాకు మరియొకరు జ్ఞప్తికి వచ్చుచుండిరి. ఆయన మన తెలుగువారే. యుద్ధకాలమున మన హైదరాబాదులోనే ఒక పత్రికను నడపినవారు. యుద్ధముల నడుమ పుట్టిన ప్రేమలను గూర్చి ఒకటి కాదు, నాలుగైదు నవలలు వ్రాసినవారు. ఆయన పేరు అడివి బాపిరాజు. పై పుస్తకము చదివిన మన పిల్లలలో ఆయన పేరు వినినవారు మిక్కిలి తక్కువ. ఆ కొరత తీర్చుటకే ఈ సంచికలో ఆయన జీవితమును వ్రాయ సంకల్పించితిమి.

బాపిరాజు గారు 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీని భీమవరమున జన్మించిరి. అది నేడు పశ్చిమ గోదావరి జిల్లాలోనిది. తండ్రి కృష్ణయ్య గారు, తల్లి సుబ్బమ్మ గారు. గోదావరి కాలువలు పారు ఆ సీమ పచ్చదనము ఆయన వ్రాతలో ఎన్నడును వాడలేదు. ఎడారి వంటి వస్తువును చేపట్టినను ఆయన దానిలో ఒక కాలువ త్రవ్వక మానలేదని చదివినవారికి తోచును.

ఉన్నత విద్యకై ఆయన రాజమహేంద్రవరము ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలకు వచ్చిరి. ఆయన బ్రతుకును మలుపు త్రిప్పినది అచ్చటి గ్రంథములు కావు, అచ్చటి ప్రిన్సిపాలు. ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే దొర గారు ఇంగ్లండు దేశీయులు. 1909 మొదలు 1919 వరకు పదియేండ్లు ఆ కళాశాలలో పనిచేసిరి. చిత్రకారులు, కవులు. మన దేశపు బొమ్మలను, గుడులను, పల్లెలను వెక్కిరింపు లేక చూడ నేర్చిన ఆంగ్లేయులు ఆ దినములలో అరుదు. కూల్డ్రే గారు అట్టివారిలో ఒకరు. తన తరగతులలోని బాలురలో ఎవనికి చేతిలో గీత యున్నది, ఎవనికి చెవిలో పాట యున్నది యని కనిపెట్టి, వారిని దగ్గరకు తీసి, తమతో కూర్చుండబెట్టుకొని బొమ్మలు వేయించెడివారు, కవిత్వము చదివించెడివారు. దామెర్ల రామారావు, కవికొండల వెంకటరావు, మన బాపిరాజు ఆ విధముగ ఆయనకు శిష్యులైరి. రామారావు పిమ్మట బొంబాయికి పోయి జె. జె. కళాశాలలో చిత్రలేఖనము నభ్యసించి, తెలుగుదేశమునకు పేరు తెచ్చి, 1925లో ఇరువది యెనిమిదేండ్లు నిండకమునుపే పిన్న ప్రాయమున మశూచికమునకు బలియయ్యెను. బాపిరాజునకు మాత్రము కుంచెయు కలమును రెండును చిక్కెను. చెవుడు ముదిరి కూల్డ్రే గారు స్వదేశమునకు మరలిరి. ఆయన నాటిన విత్తనములు మాత్రము ఇచ్చటనే మొలచినవి. పాఠ్యప్రణాళికను ముగించుటకే వేళ చాలని మా వంటి ఉపాధ్యాయులు ఈ వృత్తాంతమును చదివినప్పుడు కొంచెము తలవంచుకొనవలసి యున్నది.

తరువాత జరిగినది వినుడు. ఆంగ్లేయుని ఇంత ప్రేమించిన ఆ శిష్యుడు ఆంగ్ల ప్రభుత్వముపై సహాయ నిరాకరణోద్యమమున చేరి 1922లో చెరసాలకు పోయెను. ఒక సంవత్సరము శిక్ష. ఆ చెరసాల అనుభవములు పిదప 'తొలకరి' యను నవలలో చోటు చేసికొన్నవి. గురువు జాతిపై పోరాడుట వలన గురుభక్తి తగ్గలేదు. గురుభక్తి యున్నది గదా యని పోరాటమును మానలేదు. ఈ రెండును ఒక్క హృదయములో ఇమిడి యుండుట సాధ్యమేనా యని సందేహించువారు ఆయన నవలలను చదువవలెను. ఆ నవలల గుట్టు ఇందే యున్నదని మా అభిప్రాయము.

చెరనుండి వచ్చిన పిమ్మట మదరాసులో న్యాయశాస్త్రము చదివి, బి. ఎల్. పట్టము పొంది, భీమవరమున కొంతకాలము ప్లీడరుగా నుండిరి. కోర్టు పని ఆయన మనస్సునకు పట్టలేదు. మచిలీపట్టణము ఆంధ్ర జాతీయ కళాశాలలో వంగదేశపు చిత్రకారులు ప్రమోదకుమార చటోపాధ్యాయ గారి కడ చిత్రలేఖనము నభ్యసించిరి. ఆ కళాశాల 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గారల పూనికతో నెలకొన్నది. బాపిరాజు గారు 1930ల నడుమ దానికే ప్రిన్సిపాలై కొన్ని యేండ్లు నడపిరి. కూల్డ్రే దొర గారి కుర్చీ వంటి కుర్చీలో శిష్యుడు కూర్చుండెనన్న మాట. ఆయన గొంతు మంచిది. తన మిత్రులు నండూరి సుబ్బారావు గారి ఎంకి పాటలను ఊరూర సభలలో పాడి జనుల నోళ్ళకు చేర్చినవారిలో ఆయన ముఖ్యులు. తన పేరు కన్న మిత్రుని పాటకు ఎక్కువ పాటుపడిన కవులను మేము తరచుగా చూడలేదు. సాహిత్య మిత్రులు ఆయనను బాపి బావ యని పిలుచుకొనెడివారు.

1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు నవలలకు పోటీ యుంచగా బహుమానము ఇద్దరికి పంచబడినది. ఒకరు 'వేయిపడగలు' వ్రాసిన విశ్వనాథ సత్యనారాయణ గారు, రెండవవారు 'నారాయణరావు' వ్రాసిన బాపిరాజు గారు. ఆ నారాయణరావు కథలో యుద్ధము లేదు. జమీందారు కుమార్తె శారదను వివాహమాడిన విద్యావంతుడైన యువకుడు, తనపట్ల విముఖురాలైన భార్య మనస్సును ఏండ్ల తరబడి ఓర్పుతో గెలుచుకొనుట దాని వస్తువు. విముఖత కరగి ప్రేమయగుట యను తీగ ఆయన వ్రాతలో ఇచ్చటనే చిగురించినది. దానిని యుద్ధభూమిపై ప్రాకించుటయే తరువాతి పని.

చరిత్ర నవలలను వ్రాయుటకు ఆ కాలము చాల అనుకూలమైనది. కారణము చెప్పెదము. కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయ 1926లో పండితుల దృష్టికి వచ్చి, వెంటనే త్రవ్వకములు సాగి, ఇక్ష్వాకు రాజుల శాసనములు, స్తూపములు బయల్పడినవి. అమరావతి స్తూపపు పాలరాతి శిల్పములు అంతకు ముందే కొన్ని లండనునకు, కొన్ని మదరాసు మ్యూజియమునకు చేరి యుండెను. మదరాసులో చదివిన చిత్రకారునకు అవి దూరపు వస్తువులు కావు. నాగార్జునకొండ శాసనములలో అడవి చాంతిసిరి యను రాజకుమార్తె పేరు కలదు. ఆ ఒక్క పేరు పట్టుకొని ఆయన 'అడవి శాంతిశ్రీ' నవలను అల్లిరి. వేంగి రాజ్యములో చాళుక్యులు పాదము మోపిన కాలమును 'అంశుమతి' కిచ్చిరి. శాతవాహనుల ధాన్యకటకమును 'హిమబిందు'లో చిత్రించిరి. శాసనములలో రాజు పేరు, దానము చేసిన భూమి కొలత, తిథి వార నక్షత్రములు మాత్రమే యుండును. ఆ రాణి ఏ రంగు చీర కట్టినది, ఆ శిల్పి ఎవరిని ప్రేమించెను అను సంగతులు రాయి చెప్పదు. బాపిరాజు గారు చెప్పుదురు. చరిత్ర పాఠమునకు దీనిని ప్రమాణముగ చూపరాదు గాని, చరిత్ర పాఠమునందు ఆసక్తి పుట్టించుటకు దీనిని మించిన సాధనము మాకు దొరకలేదు.

హిమబిందు నవలలో సువర్ణశ్రీ యను శిల్పి, హిమబిందు యను వర్తక శ్రేష్ఠి కుమార్తె, వీరి ప్రేమకు అడ్డువచ్చు ఐశ్వర్యము, రాజకుమారుని సంబంధము, ఇవి ఒక ప్రక్క. రెండవ ప్రక్క మాయాకథలకు తీసిపోని వృత్తాంతము కలదు. బౌద్ధము నాదరించు రాజవంశముపై పగబట్టిన స్థౌలతిష్యుడను పెద్ద యొకడు, ఒక బాలికను చిన్ననాటినుండి విషముతో పెంచి, ఆమె స్పర్శయే మృత్యువగునట్లు చేసి, యువరాజును చంపుటకు ఆయుధముగ పంపును. ఆ విషకన్య యువరాజును చూచి ప్రేమించును. తాను ప్రేమించినవానిని తాకరాదు. తాకినచో పెద్దల కోరిక నెరవేరును, తన బ్రతుకు కాలిపోవును. ఈ ఘట్టములను చదువునప్పుడు మనకు ఆ బాలికపై కోపము రాదు, జాలి కలుగును. ఆమె దోషమేమి? పగ ఆమెది కాదు. పెద్దలు తమ పగను ఆమె రక్తములో పోసిరి.

ఇదియే బాపిరాజు గారి యుద్ధకథలన్నిటిలోను మరల మరల కనబడు సంగతి. వైరము పెద్దలనుండి పిల్లలకు ఆస్తివలె సంక్రమించును. శత్రువును ఎన్నడును చూడకయే పిల్లలు ద్వేషింప నేర్తురు. ఒక దినమున ఎదురెదురుగ నిలిచినప్పుడు గాని ఆ ముఖము మానవ ముఖమని వారికి తెలియదు. డివైన్ రైవల్స్ పుస్తకములో సయితము కలహము దేవతలది, చచ్చునది మనుష్యులు. దూరపు అమెరికాలో నేటి రచయిత్రికి తోచినది, భీమవరపు ప్లీడరునకు ముందే తోచినది. తల్లిదండ్రులు మమ్మడిగిన ప్రశ్నలో ప్రేమ అను మాటయే వారిని భయపెట్టినట్లున్నది. వారి భయమును మేము తేలికగ త్రోసివేయము. బాపిరాజు గారి నవలలలో సయితము శృంగార వర్ణనలు కలవు, ఎనిమిదవ తరగతి బాలునకు వానిని మేము చేతికీయము. పై తరగతులవారికి మాత్రము, ప్రేమను గూర్చి చదువుటకన్న ద్వేషమును గూర్చి ఆలోచింపక పెరుగుట ఎక్కువ ప్రమాదమని మాకు తోచుచున్నది.

ఇక హైదరాబాదు సంగతికి వత్తము. బాపిరాజు గారు చలనచిత్రములకు కళాదర్శకులుగ కొంతకాలము పనిచేసిరి. 'అనసూయ', 'ధ్రువ విజయము', 'మీరాబాయి' అట్టివి. పిమ్మట 1944లో మన నగరమునకు వచ్చి 'మీజాను' తెలుగు దినపత్రికకు సంపాదకులైరి. మీజాను అనగా త్రాసు. ఆ పత్రిక ఉర్దూ, ఆంగ్లము, తెలుగు మూడు భాషలలో వెలువడెడిది. యజమాని ముస్లిము. తెలుగు ప్రతికి సంపాదకుడు గాంధీగారి ఉద్యమములో చెరకు పోయిన నియోగి బ్రాహ్మణుడు. ఆయన క్రింద పనిచేసినవారిలో తిరుమల రామచంద్ర గారు, రాంభట్ల కృష్ణమూర్తి గారు ఉండిరి. వీరిద్దరును తరువాత తెలుగు పత్రికా ప్రపంచమున పేరు గాంచిరి.

ఆ కాలమెట్టిదో నేటి పిల్లలకు కొంచెము చెప్పవలెను. రెండవ ప్రపంచ యుద్ధము 1939లో మొదలై 1945 వరకు సాగెను. 1942 ఏప్రిలు 6వ తేదీని జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. నిజాము ప్రభువు ఆంగ్లేయులకు ధనసహాయము చేయగా బ్రిటిషు వైమానిక దళములలో హైదరాబాదు పేరు పెట్టుకొన్న దళములు ఎగిరెను. సంస్థానములో తెలుగు మాటలాడువారు అనేక లక్షలుండినను ప్రభుత్వభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలోనే. సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక 1926 నుండి ఆ చీకటిలో దీపము పట్టి నిలిచినది. మీజాను తెలుగు ప్రతి దినదినము వెలువడి ఆ వెలుతురును మరికొంత దూరము పరపినది. ఉర్దూ ప్రతి సంస్థాన ప్రభుత్వ పక్షమున మ్రొగ్గగా తెలుగు ప్రతి ప్రజల కోర్కెలకు చోటిచ్చుచుండెను. ఒకే కప్పు క్రింద, ఒకే యజమాని జీతముపై, రెండు పక్షముల వ్రాతలు! త్రాసు అను పేరు వట్టి పేరు కాలేదు.

అప్పుడు మన కొత్తగూడ బండరాళ్ళ నడుమనున్న ఒక పల్లె. నేడు ఫ్లైఓవరు మీద కార్లు నిలిచిపోవు ఈ చోట అప్పుడు గొర్రెల మందలు నిలిచెడివి. పల్లెలలో వెట్టిచాకిరీ, లెవీ ధాన్యము, దొరల అధికారము ప్రజలను పీడించుచుండెను. 1946 జూలై 4వ తేదీని కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు కూలెను. తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటము అటుపిమ్మట ఊళ్ళ వెంబడి వ్యాపించెను. ఒక ప్రక్క రజాకారులు, ఒక ప్రక్క రైతు దళములు. పత్రికా సంపాదకుని వృత్తి ఎంత ప్రమాదకరమైనదో 1948 ఆగస్టులో తెలియవచ్చినది. ఇమ్రోజు ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాను, సంస్థానము భారతదేశములో కలియవలెనని వ్రాసినందులకు, హైదరాబాదు వీధిలోనే హత్య చేయబడెను. బాపిరాజు గారు అప్పటికి మీజాను విడిచి యుండిరి. కాని ఆ మంట రాజుకొన్న దినములలో మూడేండ్లపాటు ఆయన దాని ప్రక్కనే కూర్చుండి దినదినము పత్రిక నచ్చొత్తించిరి. ప్రత్యర్థులగు పత్రికా రచయితల యుద్ధకాలపు కథను మన పిల్లలు ఆంగ్ల నవలలో మాయాకథగ చదువుచున్నారు. ఇచ్చట, ఈ నగరములో, అది మాయాకథ కాదు.

ఆయన నవలలలో తెలంగాణమునకు మిక్కిలి దగ్గరిది 'గోన గన్నారెడ్డి'. అదియు ఆ దశాబ్దములోనే వెలువడినది. 2015లో విడుదలయిన 'రుద్రమదేవి' చలనచిత్రములో అల్లు అర్జున్ ధరించిన వేషము మూలమున గన్నారెడ్డి పేరు మన పిల్లలకు తెలియును. ఎల్ల విద్యార్థులకును గుఱ్ఱముపై కేకలు వేయు ఆ గజదొంగ జ్ఞాపకమే. బాపిరాజు గారి గన్నారెడ్డిని చూచినవారు తక్కువ.

కథ కాకతీయ గణపతిదేవుని తుది దినములలోను రుద్రమదేవి పాలనారంభములోను నడచును. రంగనాథ రామాయణకర్తయని పేరొందిన గోన బుద్ధారెడ్డి కుమారుడు గన్నారెడ్డి. తండ్రి గతించిన పిమ్మట పినతండ్రి లకుమయారెడ్డి వర్ధమానపురమును తానే ఏలుకొనుచు ఓరుగల్లుపై తిరుగుబాటుకు కత్తి నూరుచుండును. వర్ధమానపురమనగా నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమాను. లకుమయ తన కుమారుడు వరదారెడ్డికి ఆదవోని ప్రభువు కోటారెడ్డి కుమార్తె అన్నాంబికను పెండ్లిచేసి రెండు సైన్యములను కలుపదలచును. పెండ్లి సందడిలో గన్నారెడ్డి వచ్చి పడును. పెండ్లికూతునెత్తుకొని పోవు వీరులను మనము పురాణములలో చదివియున్నాము. ఇతడు పెండ్లికొడుకునెత్తుకొని పోవును! మా తరగతిలో ఈ ఘట్టము చెప్పినప్పుడెల్ల బాలికలు ముందుగ నవ్వుదురు, బాలురు కొంచెము ఆలస్యముగ నవ్వుదురు.

పెండ్లి ఆగిపోయిన అన్నాంబిక ఆ దొంగను ద్వేషింపవలెను. ఆతడు ఆమెకు కాబోవు మామకు శత్రువు, ఆమె వరునికి దాయాది. లోకమునకు గజదొంగ. కాని ఆ దొంగ కొల్లగొట్టునది ఓరుగల్లునకు ద్రోహము తలపెట్టినవారి ధనమనియు, ఆతడు లోలోపల కాకతీయ సింహాసనమునకు బంటనియు క్రమక్రమముగ తెలియవచ్చును. అన్నాంబిక తుదకు ఓరుగల్లు చేరి రుద్రమదేవికి ఆప్తురాలగును. అచ్చట మరియొక రహస్యము కలదు. పురుష వేషమున రుద్రదేవుడను పేర పెరిగిన రుద్రమ తన స్త్రీత్వమును లోకమునకు చెప్పవలసిన గడియ, చాళుక్య వీరభద్రునిపై ఆమెకు గల ప్రేమ. బయటికి దొంగ, లోపల భక్తుడు. బయటికి రాజు, లోపల రాణి. ఈ నవలలో పైకి కనబడునదే నిజమని నమ్మినవారందరును మోసపోవుదురు. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తివచ్చి ఓరుగల్లును ముట్టడించునప్పుడు ఆ దొంగ ఎవరో, ఆ రాణి ఎవరో అందరికిని తేటపడును.

దీనిలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని విద్యార్థులు అడుగుట సహజము. రుద్రమదేవి 1262 ప్రాంతమున సింహాసనమెక్కి 1289 వరకు ఏలినది. శాసనములలో ఆమెకు పురుష నామము కలుగుట నిజము. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్త యగుట నిజము. గోన గన్నయ నిజమైన పురుషుడే. రాయచూరు కోటగోడలో 41 అడుగులకు మించిన పొడవు గల ఒక్క శిలపై 1294 నాటి తెలుగు శాసనము కలదు. గోన గన్నయ సేనాని విఠలనాథుడు ఆదవోని మున్నగు కోటలను జయించి ఆ కోటను కట్టించినట్లు అది తెలుపుచున్నది. అంత పెద్ద రాతిని బండిపై నెట్లు తెచ్చిరో ఆ గోడమీదనే చిత్రింపబడి యున్నది, దక్షిణ యాత్రకు పోవు విద్యార్థులు తప్పక చూడదగినది. అది రుద్రమ మనుమడు ప్రతాపరుద్రుని కాలపు మాట. అనగా నిజమైన గన్నయ వయస్సును బాపిరాజు గారు కొంత వెనుకకు నెట్టి రుద్రమకు సమకాలికునిగ చేసిరనవలెను. గజదొంగతనము, పెండ్లికొడుకు అపహరణము, అన్నాంబిక ప్రేమ, ఇవి కవి సొత్తు. రుద్రమ మరణమును తెలుపు నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము బాపిరాజు గారి మరణానంతరమున గాని పండితులకు చిక్కలేదు. 1289లో ఆమెతో కూడ సేనాని మల్లికార్జున నాయకుడును గతించినట్లు దానివలన తెలిసినది. వయసు మళ్ళిన రాణి యుద్ధయాత్రలో ఒరిగెనని చరిత్రకారులు దానినుండి ఊహింతురు. ఆ శాసనము ఆయన చూచియుండినచో మరియొక నవల మనకు దక్కియుండెడిది.

ఆయన వ్రాతలో లోపములు లేవని మేము చెప్పము. ఆయన స్త్రీలందరును సుందరులే, వీరులందరును ఆజానుబాహువులే. కురూపి కనబడినచో దుర్మార్గుడని ముందే తెలిసిపోవును. చిత్రకారుని కన్ను పేజీలకొలది నగలను, చీరలను, తోరణములను చూచుచుండగా కథ ద్వారము బయట నిలిచి వేచియుండును. యుద్ధము సయితము పటమువలె అందముగ నుండును. కత్తుల మెరుపు కలదు, మరునాటి ఉదయమున మొగుని శవమును వెదకుకొను పేద స్త్రీ తక్కువగ కనబడును. ఈ విషయమున నేటి అమెరికా రచయిత్రి మేలనవలసి యున్నది. ఆమె కందకములలోని బురదను, ఆసుపత్రి మంచములను, యుద్ధమునకు పోయిన అన్న కొరకు ఎదురుచూచు చెల్లెలిని చూపినది. బాపిరాజు గారు మెచ్చుకొని చూచిన లోకమును మాత్రమే వ్రాసిరి. ఏహ్యమగుదానిపై ఆయన కుంచె నిలువదు.

వృత్తుల మాట యెత్తినచో ఆయన జీవితము స్థిరముగ నుండినది కాదు. ప్లీడరు, చిత్రకారుడు, ప్రిన్సిపాలు, సినిమా కళాదర్శకుడు, సంపాదకుడు. ఏదో ఒకటి పట్టుకొని నిలిచియుండినచో ధనము మిగిలియుండెడిదని పెద్దలనుట విన్నాము. తమ బిడ్డ ఏ కోర్సులో చేరవలెనని మా కడకు వచ్చి చింతించు తల్లిదండ్రులకు ఈయన జీవితము ధైర్యము నిచ్చునో, భయము పుట్టించునో మేము చెప్పజాలము. మా మట్టుకు, దామెర్ల రామారావు ఒక్క కుంచెనే పట్టుకొని ఇరువది యెనిమిదేండ్లలో సాధించినదియు, బాపిరాజు అయిదు పనులు చేసి సాధించినదియు ఒక్క గురువు చేతి చలువయే యనిపించును.

హైదరాబాదు విడిచిన పిమ్మట ఆయన మరల మదరాసు చేరిరి. అచ్చటి ప్రభుత్వము కోరగా సింహళములోని సిగిరియా కుడ్యచిత్రములకు ప్రతికృతులను చిత్రించి యిచ్చిరి. 1952వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీని మదరాసులో కన్నుమూసిరి. యాబదియేడేండ్లు నిండుటకు పదునారు దినములు తక్కువ. మరుసటి యేట ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. 1956లో హైదరాబాదు సంస్థానపు తెలుగు జిల్లాలును కోస్తా జిల్లాలును ఒక్కటియై, 2014లో మరల రెండయినవి. ఆయన వీనిలో దేనిని చూడలేదు. భీమవరపు మనుష్యుడు వర్ధమానపురపు దొంగను గూర్చి వ్రాయునప్పుడు ఈ గీతలేవియు పటమున లేవు. కూల్డ్రే గారు శిష్యుని కన్న ఆరేండ్లు ఎక్కువ బ్రతికి 1958లో ఇంగ్లండులో గతించిరి.

మన గ్రంథాలయములో 'గోన గన్నారెడ్డి', 'హిమబిందు' ఒక్కొక్క ప్రతి కలవు, 'నారాయణరావు' రెండు ప్రతులు కలవు. తొమ్మిదవ తరగతి మొదలుకొని పై వారు తీసికొని పోవచ్చును. గోన గన్నారెడ్డి ప్రతికి అట్ట ఊడిపోయి యున్నందున దానిని బైండింగునకు పంపితిమి, జూనులో బడి తెరచునప్పటికి తిరిగి వచ్చును. డివైన్ రైవల్స్ ప్రతిని కూడ ఆ ప్రక్కనే యుంచితిమి.